రిజిస్టరైన వీలునామా మీద దావా వేయాలంటే: మతి సంగతి, అన్యాయం సంగతి, అంతకుముందు తేల్చుకోవాల్సిన సంగతి

అమ్మా, మీరు రాసింది జాగ్రత్తగా చదివాను. ఇలాంటి ఇబ్బందే ఉన్న మరికొందరికి పనికొస్తుందని మీ సంగతి ముందు క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వస్తాను. తెనాలి దగ్గర మీ నాన్నగారికి తాతగారి నుంచి వచ్చిన 8 ఎకరాల మాగాణి, ఆయన ఉద్యోగం చేసి కట్టుకున్న డాబా ఇల్లు ఉన్నాయి. 78 ఏళ్ల వయసులో, పోవడానికి ఏడు వారాల ముందు, అంతా మీ అన్నయ్య పేరిట వీలునామా రాసి రిజిస్టర్ చేయించారు. అప్పటికి రెండేళ్లుగా మతిమరుపు ఉంది, ఒకసారి పక్షవాతం కూడా వచ్చింది. మీ అమ్మగారికి, భర్త పోయి పుట్టింట్లో ఉంటున్న మీ చెల్లెలికి, మీకు ఆ కాగితంలో ఏమీ లేదు. సాక్షి సంతకం చేసినవాళ్లలో ఒకరు అన్నయ్య బావమరిది. రిజిస్టర్డు వీలునామాను ఎవరూ ఏమీ చేయలేరని అన్నయ్య అంటున్నారు. సిడ్నీలో ఉన్న మీ పిన్నిగారబ్బాయేమో, అక్కడైతే చాలీచాలకుండా ఇచ్చారని కోర్టుకు వెళ్లవచ్చంటున్నాడు. మతి సరిగా లేదని, ఇంట్లోవాళ్లకు ఏమీ ఇవ్వలేదని చెప్పి ఇక్కడ గెలవగలమా అన్నది మీ ప్రశ్న.

మీరు అడగని ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ 8 ఎకరాల్లో మీ నాన్నగారు వీలునామా రాయగలిగింది ఎంత?

తాతగారి నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే అని మనవాళ్లు అనుకుంటారు. చట్టం అలా అనదు. తాతగారు 1956 జూన్ 17కి ముందే పోయి, ఆ భూమి మీ నాన్నగారికి వచ్చి ఉంటే అది ఉమ్మడి ఆస్తి, అందులో పిల్లలకు పుట్టుకతో హక్కు ఉంటుంది. తాతగారు స్వయంగా కొనుక్కున్న భూమి అయ్యి, ఆయన 1956 తర్వాత పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద మీ నాన్నగారికి వచ్చిన వాటా ఆయన సొంతం. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. తాతగారికే అది వంశపారంపర్యంగా వచ్చి ఆయన 1956 తర్వాత పోతే రెండూ కలిసి ఉంటాయి: మీ నాన్నగారికి పుట్టుకతో ఉన్న భాగం ఉమ్మడిగానే మిగులుతుంది, తాతగారి భాగంలోంచి వచ్చింది సొంతమవుతుంది. అందుకని ముందు తాతగారి మరణ తేదీ, ఆ భూమి ఆయనకు ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, రెవెన్యూ రికార్డుల్లోని పాత అడంగళ్లు, టెన్ వన్ ఖాతా నకళ్లు సంపాదించండి. వీలునామాలో 'ఇవన్నీ నా స్వార్జితం' అని రాసినంత మాత్రాన అవి స్వార్జితం కావు.

అంతా ఉమ్మడి ఆస్తే అనుకుందాం. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురు కూడా కొడుకుతో సమానంగా భాగస్వామి. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్న గొడవ కూడా 2020 ఆగస్టులో వినీతా శర్మ తీర్పుతో తీరిపోయింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డు పంపకమో కోర్టు డిక్రీయో జరిగి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మీ ఇంట్లో అలాంటిది లేదని రాశారు కాబట్టి నాన్నగారు, అన్నయ్య, మీరు, చెల్లెలు నలుగురు భాగస్వాములు. తలా రెండెకరాలు. మన ప్రాంతంలో తండ్రీబిడ్డల పంపకంలో భార్యకు విడిగా వాటా వేసే ఆచారం లేదు. అంటే మీ నాన్నగారు వీలునామా రాయగలిగింది తన రెండెకరాల వరకే. ఆ వీలునామా నూటికి నూరుపాళ్లు చెల్లినా మీ రెండెకరాలు మీవి, మీ చెల్లెలి రెండెకరాలు ఆమెవి.

ఇప్పుడు వీలునామా పోయిందనుకోండి. నాన్నగారి రెండెకరాలు అమ్మగారికి, ముగ్గురు పిల్లలకు నాలుగు భాగాలవుతాయి, తలా అరెకరం. ఇంట్లో తలా పావు వాటా. కాబట్టి మతి గురించి మీరు చేసే పోరాటం పొలం విషయంలో మీకు అరెకరం పోరాటం. మీ అమ్మగారికి మాత్రం అదే సర్వస్వం, వీలునామా నిలబడితే ఆమెకు పొలంలో సెంటు కూడా రాదు, ఇంట్లో గది కూడా రాదు. ఈ దావా మీది అనుకుంటున్నారు కానీ, ఎక్కువగా మీ అమ్మగారిది. ఆమె వాదుల్లో ఒకరుగా నిలబడాలి. ఆమె అన్నయ్య దగ్గరే ఉంటున్నారు, భయపడతారు, నిజమే. కానీ ఆమె మనసులో ఏముందో ఎవరూ పక్కన లేనప్పుడు ఒకసారి నెమ్మదిగా అడగండి. కూతుళ్లు వేసిన కేసులో తల్లిని ప్రతివాదిగా చేర్చి, ఆమె ఏమీ మాట్లాడకుండా ఉండిపోతే కోర్టు దాన్ని అన్నయ్యకు అనుకూలంగానే చూస్తుంది. అది నేను చాలా కేసుల్లో చూశాను.

ఇక మతి సంగతి. భారత వారసత్వ చట్టం 1925, 59వ సెక్షన్: స్వస్థచిత్తం ఉన్న మేజరు ఎవరైనా వీలునామా రాయవచ్చు. జబ్బు వల్లనో మత్తు వల్లనో తాను చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో ఉన్నవాళ్లు రాయలేరు. మతి చెడినవాళ్లు కూడా మధ్యలో తెలివిగా ఉన్నప్పుడు రాస్తే చెల్లుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 'మా నాన్నకు డిమెన్షియా' అని డాక్టరు చీటీ చూపిస్తే సరిపోదు. కోర్టు అడిగేది ఆ రోజు, ఆ గంటలో ఆయనకు తెలుసా అని. తనకున్న ఆస్తి ఏమిటి, తనవాళ్లెవరు, ఎవరికి ఇస్తున్నాను, ఎవరిని వదిలేస్తున్నాను, ఈ నాలుగూ ఆయన బుర్రలో ఉన్నాయా అని. మందుల పేర్లు మరిచిపోయే ముసలాయనకు ఈ నాలుగూ చక్కగా తెలిసి ఉండవచ్చు. పైకి మామూలుగా మాట్లాడే ఆయనకు, 'చిన్నమ్మాయి భర్త పోయాడు' అన్న సంగతే గుర్తు లేకపోవచ్చు. మీ చెల్లెలు ఇంట్లో కళ్లెదురుగా తిరుగుతుండగా ఆమె పేరు కూడా రాయలేదంటే నేను మొదట పట్టుకునేది అదే. వీలునామాలో ఆమె ప్రస్తావన అసలు ఉందా, ఎందుకు ఇవ్వడం లేదో ఒక్క వాక్యమైనా రాశారా చూడండి.

వీలునామాల్లో 'నేను పూర్తి ఆరోగ్యముతోను, స్వస్థచిత్తముతోను, ఎవరి ప్రోద్బలము లేకుండా' అని ఉంటుంది. అది దస్తావేజు లేఖరి ప్రతి కాగితంలోనూ రాసే వాక్యం. మంచం మీద ఉన్నవాళ్ల వీలునామాల్లోనూ పూర్తి ఆరోగ్యమనే రాస్తారు. మీ నాన్నగారికి పక్షవాతం ఉన్నట్టు ఆసుపత్రి కాగితం ఉండి, వీలునామాలో పూర్తి ఆరోగ్యం అని ఉంటే, రాసినవాళ్లు ఆయన్ను అడిగి రాశారా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

ఆసుపత్రి కాగితాలకు ఈ వారమే బయల్దేరండి. ఇన్‌పేషెంటు రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉంది. మూడేళ్లు దాటాక లేవంటే మీరు చేయగలిగేది తక్కువ. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని సంతోషపడకండి. నర్సులు పూటపూటా రాసే నోట్స్ అడగండి, అసలు సంగతులు వాటిలోనే ఉంటాయి: 'పేషెంటుకు తేదీ తెలియడం లేదు', 'అటెండరును గుర్తుపట్టడం లేదు', 'రాత్రంతా అయోమయం'. మెదడు స్కానింగ్, రక్తంలో సోడియం రిపోర్టులు, నిద్రమాత్రల చీటీలు అన్నీ కావాలి. పెద్దవయసులో సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా మనిషి రోజుల తరబడి అయోమయంలో పడతారు, వీలునామా తేదీ ఆ రోజుల్లో పడిందా అన్నది చూడాలి. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి ఇన్ని మార్కులు అని రాసి ఉంటే అది మంచి ఆధారమే, కానీ చదువు తక్కువున్నవాళ్లకు జబ్బు లేకపోయినా ఆ మార్కులు తగ్గుతాయని అవతలి లాయరు అంటారు. మీ నాన్నగారు ఉద్యోగం చేసినవారు కాబట్టి ఆ వాదన మీ మీద పెద్దగా పనిచేయదు.

అన్నయ్య వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. అదే నెలల్లో మీ నాన్నగారు బ్యాంకుకు వెళ్లి పెన్షన్ తీసుకున్నారా? ఓటు వేశారా? మీతోనే ఫోన్లో పొలం కౌలు లెక్కలు మాట్లాడారా? అవన్నీ మీకు వ్యతిరేకంగా వస్తాయి. వస్తే ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించుకోండి. మీ ఫోన్లో ఆయన వాయిస్ మెసేజీలు, వీడియోలు ఉంటే ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. కోర్టులో వాటికి సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

ఈ కేసుల్లో మీకున్న పెద్ద బలం, వీలునామా నిజమని రుజువు చేయాల్సిన భారం దాన్ని పట్టుకొచ్చినవాళ్ల మీదే ఉండటం. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు వేసిన దారిలోనే ఇప్పటికీ కోర్టులు నడుస్తున్నాయి. రాసిన మనిషి కోర్టుకు వచ్చి చెప్పలేరు కాబట్టి, అనుమానం కలిగించే పరిస్థితులుంటే వాటన్నింటినీ వీలునామా తెచ్చినవాళ్లే తొలగించి న్యాయమూర్తి మనస్సాక్షికి తృప్తి కలిగించాలి. వణికిన సంతకం, బలహీనమైన మతి, దగ్గరివాళ్లను కారణం లేకుండా వదిలేయడం, లాభం పొందేవాళ్లే దగ్గరుండి రాయించడం, ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. అన్నయ్య మోసం చేశారనో బెదిరించారనో మీరు అంటే మాత్రం ఆ భారం మీ మీదికి వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని దావాలో వివరంగా రాయాలి కూడా. కోపంలో ప్రతి ఆరోపణా రాసేయమని లాయరును ఒత్తిడి చేయకండి. రుజువు చేయలేని మోసం ఆరోపణ ఉన్న బలాన్ని కూడా తగ్గిస్తుంది.

రిజిస్ట్రేషన్ మాట. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేసినంత మాత్రాన దానికి తిరుగులేకుండానూ పోదు. 1962లో రిపోర్టైన రాణీ పూర్ణిమా దేవి కేసులో, రాసినవారికి అందులో ఏముందో తెలిసే చేశారని చూపని తూతూమంత్రం రిజిస్ట్రేషన్ అనుమానాన్ని తొలగించదని సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టరైనా సరే, సాక్షి సంతకం చేసినవాళ్లలో కనీసం ఒకరు బతికి ఉంటే కోర్టుకు వచ్చి చెప్పాల్సిందే. మీ నాన్నగారు సంతకం పెట్టడం తాను చూశానని, లేదా అది తన సంతకమని ఆయనే తనతో చెప్పారని, తాను ఆయన ఎదుటే సంతకం చేశానని, రెండో సాక్షి కూడా అలాగే చేశాడని చెప్పగలగాలి. బావమరిది సాక్షిగా ఉండకూడదన్న నిషేధం లేదు, కానీ క్రాస్‌లో, అంటే మీ లాయరు వేసే ఎదురు ప్రశ్నల్లో, ఆయన చాలా జవాబులు చెప్పాల్సి వస్తుంది. లేఖరిని ఎవరు పిలిచారు, డ్రాఫ్టు ఎవరు చెప్పారు, చదివి వినిపించారా, ఆఫీసుకు ఎవరి బండిలో వెళ్లారు, డబ్బు ఎవరు కట్టారు, ఆ తర్వాత కాగితం ఎవరి బీరువాలో ఉంది. సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి పిలిపించి చేయించి ఉంటే, ఎందుకు రాలేకపోతున్నారో చెబుతూ ఇచ్చిన దరఖాస్తు, దానికి జతచేసిన డాక్టరు సర్టిఫికెట్ సంపాదించండి. ఆ సర్టిఫికెట్ ఇచ్చింది ఆయనకు వైద్యం చేసిన డాక్టరా, ఆ రోజు మాత్రమే కనిపించిన డాక్టరా అన్నది పెద్ద తేడా.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే వీలునామా కనపడలేదని రాశారు. కనపడదమ్మా. వీలునామాలు 3వ నంబరు పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీ తీసేది ఆ పుస్తకం నుంచి కాదు. రాసినవారు బతికి ఉన్నంత కాలం నకలు వారికో వారి ఏజెంటుకో తప్ప ఇవ్వరు, పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి నకలుకు దరఖాస్తు చేయండి. ఇంతకుముందు రాసిన వీలునామా ఏదైనా ఉందేమో కూడా వెతికించండి. పాతదాంట్లో అందరికీ వాటాలుండి, జబ్బు పడ్డాక రాసిన కొత్తదాంట్లో మాయమైతే అది చాలా విలువైన కాగితం.

ఇప్పుడు 'ఏమీ ఇవ్వలేదు' అన్న మాట. ఇంగ్లండులోనూ, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లోనూ, తగినంత ఇవ్వలేదని కోర్టుకు వెళితే ఎస్టేటులోంచి ఇప్పించే చట్టాలున్నాయి. మీ పిన్నిగారబ్బాయి చెప్పింది అక్కడికి నిజం. ఇక్కడ హిందువుల విషయంలో అలాంటి హక్కు లేదు. మామూలు వారసత్వాన్ని మార్చడానికే ఎవరైనా వీలునామా రాస్తారు, వారసులను తప్పించడం ఒక్కటే అనుమానానికి కారణం కాదు అని సుప్రీంకోర్టు 1995లోనూ 2003లోనూ చెప్పింది. ముస్లింలకు ఈ చిక్కు వేరుగా తీరుతుంది, అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోను వారసులు ఒప్పుకోకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు, సున్నీల్లో అయితే వారసుల్లో ఒకరికి రాయాలన్నా మిగతా వారసులు ఒప్పుకోవాలి. మనకు ఆ హద్దు లేదు కాబట్టి అన్యాయాన్ని రెండు చోట్ల మాత్రమే వాడగలం. ఒకటి, పైన చెప్పిన అనుమాన పరిస్థితుల్లో భాగంగా. రెండోది చాలామంది లాయర్లు కూడా గుర్తుచేయని దారి, మనోవర్తి.

హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లో 21, 22 సెక్షన్లు చదివించండి. పోయిన మనిషి మీద ఆధారపడ్డవాళ్లకు ఆయన ఆస్తిలో వాటా దక్కకపోతే, ఆ ఆస్తి ఎవరికి వెళ్లిందో వాళ్లు దానిలోంచి పోషించాలి. వీలునామా ద్వారా వెళ్లినా సరే. మళ్లీ పెళ్లి చేసుకోని భార్య, పెళ్లికాని కూతురు, భర్త పోయిన కూతురు ఆ జాబితాలో ఉన్నారు. చెల్లెలి విషయంలో షరతు ఉంది: భర్త ఆస్తి నుంచి గానీ, తన పిల్లల నుంచి గానీ, మామగారి వైపు నుంచి గానీ పోషణ దొరకని మేరకే. ఉమ్మడి భూమిలో ఆమె రెండెకరాలు ఆమెకు వస్తే ఆ ఆదాయం కూడా లెక్కలోకి వస్తుంది. పెళ్లయి భర్తతో ఉన్న మీకు ఈ దారి లేదు. మనోవర్తిలో తిండి, బట్ట, వైద్యంతో పాటు నివాసం కూడా ఉంది, అంటే అమ్మగారిని ఇల్లు ఖాళీ చేయమంటే ఇదే అడ్డం. అడిగేటప్పుడు ఆ మొత్తాన్ని ఆస్తి మీద చార్జీగా, అంటే ఆస్తి ఎవరి చేతికి వెళ్లినా దానిలోంచే తీర్చాల్సిన బాకీగా, పెట్టమని తప్పక అడగండి. లేకపోతే అన్నయ్య అమ్మేశాక తెలియక కొన్నామనేవాళ్ల దగ్గర మీరు వసూలు చేసుకోలేరు. అంతవరకూ ఆగలేని పరిస్థితి అయితే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గర అమ్మగారు దరఖాస్తు చేయవచ్చు, నెలకు 10,000 వరకు ఇప్పించగలరు.

దావా ఏ రూపంలో వేయాలన్నది ఫలితాన్ని మారుస్తుంది. 'ఈ వీలునామా చెల్లదని ప్రకటించండి' అని ఒంటరిగా వేయకండి, దానికి మూడేళ్ల గడువు గొడవ ఉంటుంది, రుజువు చేయాల్సింది మీరే అన్నట్టు కేసు నడుస్తుంది. భాగపరిష్కారం కోసం, అంటే వాటాలు పంచమని, దావా వేయండి. పొలం ఉమ్మడి ఆస్తి అని, వీలునామా లేనట్టే ఇంటికి మేమంతా వారసులమని, అన్నయ్య చెబుతున్న వీలునామా నిజం కాదు, చెల్లదు, మమ్మల్ని కట్టడి చేయదని అందులోనే రాయండి. అప్పుడు వీలునామాను పెట్టి రుజువు చేసుకోవాల్సింది అన్నయ్య. వీలునామా నిలబడినా ఉమ్మడి భూమిలో మీ వాటాలకు అదే దావాలో డిక్రీ వస్తుంది. మనోవర్తిని ప్రత్యామ్నాయంగా అడగవచ్చా, వేరే దావా వేయాలా అన్నది మీ కోర్టు పద్ధతి చూసి మీ లాయరు చెబుతారు. అమ్మకం జరగకుండా ఇంజంక్షన్ పిటిషన్ దావాతోనే వేయండి. దావా నడుస్తుండగా కొన్నవాళ్లు దాని ఫలితానికి ఎలాగూ కట్టుబడాలి, అయినా మూడో మనిషి వచ్చి చేరితే తలనొప్పే.

ఈలోగా పాస్ పుస్తకం మార్పిడి కోసం అన్నయ్య తహసీల్దారు దగ్గరికి వెళ్తారు. మీరు ముగ్గురూ రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు రశీదు తీసుకోండి. ఆ పేరు మార్పిడి (మ్యుటేషన్) జరిగినంత మాత్రాన హక్కు పోదు, కానీ దాన్ని చూపించి అప్పులు తెస్తారు, అమ్ముతారు. ఇంట్లో ఎవరైనా 'ఊరికే ఒక సంతకం పెట్టమ్మా, ఆఫీసు పని' అంటే పెట్టవద్దు. అమ్మగారికి ఈ మాట ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. చేతులారా చేసిన సమ్మతి సంతకాన్ని తర్వాత కాదనడం వీలునామాను కొట్టేయించడం కంటే కష్టం.

మీ అమ్మగారికి 70 దాటిందన్నారు. చివరి రెండేళ్లూ ఆయనకు అన్నం పెట్టింది, స్నానం చేయించింది, రాత్రుళ్లు మేల్కొని ఉన్నది ఆమే. ఆయన మతి గురించి ఆమెను మించిన సాక్షి లేరు. దావా విచారణకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆమె ఆరోగ్యం బాగోకపోతే ముందుగానే సాక్ష్యం నమోదు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 16వ రూలు కింద పిటిషన్ వేయవచ్చు, అవసరమైతే అడ్వకేట్ కమిషనర్ ఇంటికే వచ్చి రాసుకుంటారు. దావా నంబరు పడగానే ఈ పిటిషన్ వేయమని మీ లాయరుకు చెప్పండి.

రాజీ మాట వస్తే కాదనకండి. నా అనుభవంలో ఇలాంటి దావాలు ఎక్కువగా సాక్షుల క్రాస్ అయ్యాక, ఎవరి బలం ఎంతో రెండు వైపులా తెలిశాక, లోక్ అదాలత్‌లో ముగుస్తాయి. అప్పుడు అమ్మగారికి 'జీవితాంతం అనుభవించి తర్వాత కొడుక్కి చెందేటట్టు' ఇల్లు ఇస్తామంటారు. పోషణ హక్కుకు బదులుగా స్త్రీకి అలా పరిమితంగా ఇచ్చిన ఆస్తి కూడా హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షన్ కింద సంపూర్ణ హక్కుగా మారుతుందని, మన ఆంధ్ర నుంచే వెళ్లిన తులశమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అయితే 14(1)కీ, కాగితంలో పెట్టిన హద్దు అలాగే ఉంటుందనే 14(2)కీ మధ్య గీత ఎక్కడన్నది 2024 డిసెంబరులో పెద్ద ధర్మాసనానికి వెళ్లింది. కాబట్టి ఆ తీర్పు మీద భరోసా పెట్టుకోకుండా, ఇల్లయినా పొలమైనా అమ్మగారికి ఇచ్చేది 'దాన విక్రయాది సర్వహక్కులతో' అని రాజీ కాగితంలోనే రాయించండి. ఆ మాట లేని కాగితం మీద ఆమె చేత సంతకం పెట్టించవద్దు.